కంచె అవతలి అరబ్బు

మా పక్కింటి అంకుల్ పోయిన శనివారం తెల్లవారుజామున కన్నుమూశారు. లెబనాన్ నుంచి వచ్చిన క్రైస్తవుడు. ఆస్ట్రేలియాలో మేముండే ఈ గిరావీన్‌లో మా రెండిళ్లకూ నడుమెత్తు కంచె ఒక్కటే అడ్డు.

పొద్దున్నే ఆయన పెరట్లో అరబ్బీ వార్తలు గట్టిగా మోగేవి. నా పూజగంట వినపడగానే రేడియో తగ్గించేవారు. హారతి అయ్యాక కంచె మీదుగా ప్రసాదం అందుకుని మళ్లీ పెంచేవారు. నేను అడిగిందీ లేదు, ఆయన చెప్పిందీ లేదు.

ఇద్దరిదీ వచ్చీరాని ఇంగ్లీషే. ఇంటర్‌తో చదువాపిన నాకు చరిత్ర చెప్పింది మాత్రం ఆయనే, వంటకి ద్రాక్షాకులు కోస్తూ.

"నువ్వెవరివంటే మా తాత ఊరి పేరు చెప్పేవాడమ్మా, లేదంటే చర్చి పేరు. తుర్కుల ఏలుబడిలో అరబ్బంటే ఎడారివాడనే అర్థం."

తర్వాత బడులు, అచ్చుయంత్రాలు, పత్రికలు వచ్చాయట. చర్చివాళ్లూ మసీదువాళ్లూ ఒకే భాషలో చదువుకుని, మనమంతా ఒకటే కదా అనుకున్నారట. అంతలో ఇంగ్లీషువాళ్లూ ఫ్రెంచివాళ్లూ వచ్చి సరిహద్దు గీతలు గీశారట.

"మీ తెలుగువాళ్లు రెండు రాష్ట్రాలైతేనే ఇంత గోల. మేం ఇరవై పైచిలుకు దేశాలం!"

ఇంత విడమరచి చెప్పిన మనిషి మాట ఎవరికీ పట్టలేదు. గుడిలో మా వదిన అడిగింది: "మీ పక్కింటి సాయిబుగారు పోయారటగా? మరి అంత్యక్రియలు చర్చిలో ఏంటే?" ఆయన క్రైస్తవుడని ఎన్నేళ్లుగా చెబుతున్నానో! ఇక ఆయన కొడుకు, "మేం అరబ్స్ కాదు ఆంటీ, ఫీనిషియన్స్" అంటాడు. వేల ఏళ్ల కిందట లెబనాన్ తీరాన బతికిన ఓడవర్తకులట వాళ్లు.

"తాతల తాతల్ని తవ్వుకుంటాడు, తండ్రి మాట్లాడే భాష మాత్రం వద్దట!" అని అంకుల్ విసుక్కునేవారు.

ఆసుపత్రిలో చివరిసారి చూసినప్పుడు అడిగారు: "నేను పోయాక ఒక్కరైనా అనాలమ్మా, వీడు అరబ్బు అని. నువ్వు అను."

అంత్యక్రియలయ్యాక చర్చి హాల్లో, చావింట వాళ్ల ఆనవాయితీగా ఇచ్చే చక్కెర లేని కాఫీ తాగుతూ అందరూ మాట్లాడారు. మంచి ఆస్ట్రేలియన్ అన్నారు, మంచి లెబనీస్ అన్నారు. నేనూ కప్పు పక్కన పెట్టి లేచాను.

"అంకుల్ క్రైస్తవుడు, అరబ్బు. ఈ మాట చెప్పమన్నారు."

కొడుకు నవ్వుతూ మైకు తీసుకున్నాడు. "థాంక్యూ ఆంటీ. మా డాడ్, ఆయన పాలిటిక్సూ!" హాలంతా నవ్వింది.

పాలిటిక్సట. తానెవరో తాను చెప్పుకుంటే అది రాజకీయమా? దేవుడి ముందు కూర్చున్నా ఆ నవ్వే వినిపిస్తోంది. కోపం అణగడం లేదు.

ఈ ఉదయం గంట కొట్టి, రేడియో తగ్గుతుందేమోనని అలవాటుగా ఆగాను. హారతి అయ్యాక ప్రసాదం కంచె మీద పెట్టాను. ఎండెక్కేసరికి చీమలు పట్టాయి.