పాట మొదలు

మొన్న దుబాయ్‌లో, డేరా బజార్లో ఓ కొట్లో, ఆ పాట మొదట్నుంచీ విన్నాను. అమెరికా నల్లజాతి గాయకులు ఐదుగురు కలిసి పాడింది. దాని మొదలు నాకు కొత్తగా ఉంది.

నా చిన్నప్పుడు, ఇక్కడ నర్సు డ్యూటీలతో కుదరక, అమ్మ మా తమ్ముణ్ణి పాలకొల్లులో అమ్మమ్మ దగ్గర వదిలింది. ఓ శుక్రవారం, ఖాళీ క్యాసెట్ లేక, అమ్మమ్మకి పంపడానికి ఆ పాట మీదే కబుర్లు రికార్డు చేసింది. "మేం బాగానే ఉన్నామమ్మా. చిన్నోడికి నేను గుర్తున్నానా?" అని టక్కున ఆపేసింది.

తిప్పి వింటే, ఆ మాట అవగానే పాట సగంలోంచి వచ్చింది.

"పాడేవాళ్ళ వంతొచ్చిందని ఆపేశావా అమ్మా?" అనడిగాను.

"అవునే," అంది, మొహం అటు తిప్పుకుని. అలాగే పంపేసింది.

అమ్మమ్మ దాచిన ఆ క్యాసెట్ ఇప్పుడు నా దగ్గరుంది. అందులో పాటకి మొదలు అమ్మే. ఆమె ఇక మాట్లాడలేక ఆపేసిన దగ్గర వాళ్ళు అందుకుంటారు.