చిలుకూరు దాకా బాగానే వచ్చిన లారీ

నన్ను ఎవరూ దొంగ అనలేదు. అంటే బాగుండేది. అన్న మాటకు మారుమాట ఉంటుంది, పైగా నాకు నోరు తక్కువేం కాదు. అనకుండా కడుపులో పెట్టుకున్న మాటకు మాత్రం ఏమని జవాబు చెబుతాం?

మాది పాలకీడు దగ్గరి పల్లె. నాయిన గొర్రెలు కాసేవాడు. గొర్రెల వెంట నడవడానికి ఒళ్లు వంగక నేను లారీ ఎక్కాను. మిర్యాలగూడలో ఒక రైసు మిల్లు సేటు దగ్గర కుదిరి అక్కడే వెంట్రుకలు నెరిపించుకున్నాను. ఆయన పాత బండ్లు నా చేతుల మీదే తుక్కుకు పోయాయి. కొత్త లారీ కొన్నప్పుడు కూడా తాళంచెవి నాకే ఇచ్చాడు. పాత బండ్లతో నాకు పేచీ ఉండేది కాదు. డీజిల్ అందకపోతే పైపు వదులు చేసి, చేతిపంపు కొట్టి, గాలి తీసేవాణ్ణి. లైటు వెలగకపోతే ఫ్యూజు చూసేవాణ్ణి. కొత్త బండి అట్లా కాదు. ఏ ఇంజెక్టరు ఎప్పుడు, ఎంత డీజిల్ చిమ్మాలో దానిలోని కంప్యూటర్ చెబుతుంది. డ్రైవరు తొక్కడం వరకే.

ఆ ఏడు దసరాకు మిల్లు ముందర బండికి పూజ చేశారు. సేటు తల్లిని మేమంతా పెద్దమ్మ అంటాం. గుమ్మడికాయ కొట్టి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించాక, ఆమె నన్ను దగ్గరికి పిలిచి అమ్మవారి పటం ఒకటి చేతిలో పెట్టింది. పటం చుట్టూ రంగుల బల్బులు, అమ్మవారి తల వెనక గిర్రున తిరిగే చక్రం.

"పొద్దుగూకంగనే ఏస్కో బిడ్డా. చీకట్ల నీకు తోడుంటది" అన్నది.

పందిరికి సీరియల్ బల్బులు కట్టడానికి వచ్చినతనే దాన్ని స్టీరింగు ముందర బిగించిపోయాడు. నా కన్నతల్లి కూడా నాకు చీకట్లో తోడు పంపింది లేదు. ఆ ముసలమ్మ మాట నాకు అంత నచ్చింది.

దసరా పోయింది, కొత్త వడ్లు దిగాయి, మిల్లులో పని పెరిగింది. రోజు విడిచి రోజు కోదాడ గోదాముకు బియ్యం లోడు. హమాలీలు బస్తాలు ఎక్కించి, కాటా మీద తూకం అయ్యి, నేను గేటు దాటేసరికి పొద్దు వాలేది. నేరేడుచర్ల, హుజూర్‌నగర్ దాకా బండి బంగారం. చిలుకూరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం దానికి ఏదో పట్టేది. ముందు ఇంజనులో తేడా ఉందని చెప్పే చెక్ లైటు వెలిగేది. తరువాత ఇంజను గరగరమని, పికప్ పడిపోయేది. పెడల్‌ను అడుగంటా తొక్కినా మొండెద్దులా కదిలేది కాదు. పక్కకు తీసి, ఆపి, కాసేపాగి స్టార్టు చేస్తే కొంత దూరం లాగి మళ్లీ అదే కథ. పాక్కుంటూ కోదాడ చేరేవాణ్ణి. తెల్లారి ఖాళీ బండితో తిరిగి వచ్చేటప్పుడేమో, నేనేం చేశాను అన్నట్టు పరుగెత్తేది.

మిర్యాలగూడ మెకానిక్ స్కానర్ పెట్టి చూశాడు. ఈ ఇంజన్లలో డీజిల్‌ను ముందే ఒక లావు పైపులో బాగా ప్రెషర్ మీద నింపి ఉంచుతారు. అక్కడి నుంచి ఇంజెక్టర్లు తీసుకుంటాయి. ఆ పైపులో ప్రెషర్ సరిగ్గా ఉండడం లేదని స్కానర్ చూపించింది.

"ఫిల్టరు మారుద్దాం సేటు. డీజిల్‌ల ఏదో కలిసినట్టున్నది" అన్నాడు.

"డీజిల్‌ల ఏం కలుస్తది?"

"నీళ్లు కలవొచ్చు, కిరోసిన్ కలవొచ్చు. ఎంత తీస్తే అంత నింపాలె గద మరి" అని నవ్వాడు.

వాడు నవ్వులాటకే అన్నాడు. సేటు నవ్వలేదు. నా మొహం వైపు చూడబోయి ఫిల్టరు వైపు చూశాడు. ఆ రోజు మొదలు ఆయన నాతో ఏం మాట్లాడినా బండితోనో గేటుతోనో మాట్లాడుతున్నట్టే మాట్లాడేవాడు.

బండి లాగకపోతే మైలేజీ పడిపోతుంది. మైలేజీ పడితే డీజిల్ ఎటు పోతుందని అనుమానం వస్తుంది. ఆగడం కూడా ప్రతిసారీ ఒక్కచోటే ఆగితే, అక్కడ ఎవరో క్యాన్లు పట్టుకొని కాచుకున్నారని ఎవరైనా అనుకుంటారు. సేటు స్థానంలో నేనున్నా అనుకునేవాణ్ణేమో. ఇది ఇప్పుడు అంటున్న మాట. అప్పుడు మాత్రం ఒళ్లు మండిపోయింది. పోయి కడిగేద్దామనుకున్నాను. కానీ నా అంతట నేనే మాట ఎత్తితే, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు కాదూ? నోరు కట్టుకున్నాను.

రెండు రోజులకు డీజిల్ ట్యాంకు మూతకు తాళం పడింది. చెవి గుమాస్తా నడుముకు వేలాడింది. ఆయన మిల్లు ఆఫీసులో బస్తాల లెక్క చూసే ముసలాయన.

"గుమాస్తాకు కోదాడల జర పనున్నది. తీస్కపో" అన్నాడు సేటు, టైరు వైపు చూస్తూ.

కోదాడలో రోజు విడిచి రోజు ఏం పనో నేను అడగలేదు. పాపం, ఆయనకు లారీ ప్రయాణం పడదు. వాంతి రాకుండా దారి పొడుగునా ముక్కు దగ్గర నిమ్మకాయ పట్టుకునేవాడు. "గుమాస్తా సాబ్, దిష్టికి బండికి కట్టాల్సిన నిమ్మకాయ నువ్వు పట్టుకున్నవేంది" అని ఏడిపించేవాణ్ణి. నవ్వేవాడు కానీ, బంకులో ట్యాంకు తాళం తీసేటప్పుడు మాత్రం నాకు వీపు పెట్టి నిలబడేవాడు. ఆ వీపు చూస్తే నాకు ఏడుపొచ్చేది.

ఆయన పక్కన ఉన్నంత మాత్రాన బండి మర్యాద పాటించలేదు. చిలుకూరు దగ్గర ఎప్పటిలాగే కూలబడింది. గుమాస్తా కిటికీలోంచి అటూ ఇటూ చూడసాగాడు. నిజంగానే పొలంలోంచి ఒక రైతు చేతిలో క్యాను పట్టుకొని మా వైపు వచ్చాడు. గుమాస్తా నిటారుగా కూర్చున్నాడు.

"ఏమైందే అన్నా, ఇంజను కాగిందా? నీళ్లు పోస్కుంటరా?" అని అడిగాడు రైతు.

గుమాస్తా నిమ్మకాయ మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నేను కడుపారా నవ్వాను, ఆయనా నవ్వాడు. ఆ సాయంత్రం నుంచి మా ఇద్దరి మధ్య కొంచెం మాట కలిసింది. అయితే మనిషి పక్కనుంటే దొంగ ఎందుకు వస్తాడు? సేటు అనుమానం ఎక్కడిదక్కడే ఉంది.

ఇంజెక్టర్లు పరీక్ష చేయించడానికి బండిని సూర్యాపేటకు పంపారు. వాటిని విప్పి, ఒక్కొక్కటే టెస్ట్ బెంచికి బిగించి, డీజిల్ ఎట్లా చిమ్ముతున్నదో చూస్తారు. మంచి ఇంజెక్టరు పొగమంచులా చిమ్ముతుంది, చెడ్డది ముక్కు కారినట్టు కారుతుంది. నేను అక్కడే నిలబడి, ఒక్కటంటే ఒక్కటి కారాలని అమ్మవారికి మొక్కుకున్నాను. నడిపే బండి పాడై ఉండాలని మొక్కుకున్న డ్రైవరును నేనొక్కణ్ణే అయి ఉంటాను. అన్నీ పొగమంచులే. పంపు కూడా బాగానే ఉందన్నారు.

సేటుకు ఫోను చేసి చెప్పాను.

"అయితే బండ్ల ఏం లేదన్నట్టే గద" అన్నాడు.

బండిలో దోషం లేదని తేలిన ప్రతిసారీ ఆ దోషం ఇంకొంచెం నా వైపు జరిగింది. "ఈ ఒక్క లోడు దించి రా. ఇగ కొన్నాళ్లు ఇంటికాడ రెస్టు తీస్కో" అన్నాడు. రెస్టు అంటే ఏమిటో డ్రైవర్లందరికీ తెలుసు. పని పోతే ఇంకో పని దొరుకుతుంది. కానీ ఆ మిల్లు గేటు దాటి దొంగ పేరుతో బయటికొస్తే, మిర్యాలగూడలో ఏ మిల్లు ముందర నిలబడాలి? పాలకీడులో నాయినకు ఏం చెప్పాలి? ఇంట్లో చెప్పడానికి నోరు రాలేదు.

ఆఖరి లోడు కూడా చిలుకూరు దగ్గర మొరాయించింది. ఎట్లాగో కోదాడ చేరాం. తెల్లారి సరుకు దిగాక గుమాస్తా నా పక్కకు వచ్చాడు.

"ఇన్ని దినాలు నీ పక్కన కూసున్న. నీ తానైతే నాకు ఏ తప్పు కనబడలె. గీడ బైపాస్ కాడ వైరింగ్ చేసేటాయన ఉన్నడట. ఒక్కపారి సూపెడ్దాం పా" అన్నాడు.

తాళంచెవి నడుముకు వేలాడుతుండగానే అన్నాడు ఆ మాట.

ఆ ఎలక్ట్రీషియన్ బానెట్ ముట్టుకోలేదు. లాప్‌టాప్‌కు వైరు తగిలించి, ఇంజను ఆన్‌లో పెట్టించి, ప్రెషర్ అంకె కనిపించేటట్టు చేసుకొని, స్టూలు మీద కూర్చున్నాడు. నేను చిలుకూరు కథంతా చెప్పాను.

"ఎక్కడ ఆగుద్దో వదిలేయండి డ్రైవర్ గారూ. ఎప్పుడు ఆగుద్దో చెప్పండి" అన్నాడు.

గొర్రె కుంటితే మా నాయిన ముందు కాలు పట్టి చూసేవాడు కాదు. రాళ్లలో కుంటిందా, మెత్తటి నేలలోనా అని అడిగేవాడు. అది గుర్తుకొచ్చింది. నేను ఆలోచించేలోగా గుమాస్తా అందుకున్నాడు.

"పొద్దుగూకేటప్పుడే సారూ. మేం బయలెల్లే యాళ్లకు గాడికి పొయ్యేసరికి పొద్దుగూకుతది."

అప్పటిదాకా మిర్యాలగూడ, సూర్యాపేట మెకానిక్కులకు నేను ఊరి పేరే చెబుతూ వచ్చాను. వేళ ఎవరికీ తట్టలేదు.

"పొద్దుగూకితే ఏమేం వేస్తారు మీరు?"

హెడ్ లైట్లు వేశాను, పార్కింగ్ లైట్లు వేశాను, ఫ్యాను వేశాను. అంకె కదల్లేదు.

"ఇంకేం వెయ్యరా?"

"ఇంకేం లేవు."

గుమాస్తా దగ్గాడు. "అమ్మోరి లైటు ఏస్తవు గద."

"అది దేవునిది, దాన్ని తేకు నడుమ" అని కసురుకున్నాను. నేను దాచలేదు, అబద్ధమూ ఆడలేదు. పొద్దు గుంకగానే చేయి దానంతట అదే పోయి ఆ స్విచ్చు నొక్కి, కళ్లకద్దుకునేది. అది నాకు దండమే కానీ ఎన్నడూ స్విచ్చు కాలేదు. కరెంటుతో నడిచేవి చెప్పమంటే అది ఎట్లా గుర్తొస్తుంది?

"ఒకసారి వెయ్యండి" అన్నాడాయన మెల్లగా.

వేశాను. బల్బులు వెలిగాయి, చక్రం తిరిగింది. లాప్‌టాప్‌లో అంకె గంతులు వేసింది. రేజ్ చెయ్యమంటే చేశాను. ఆ గరగర నాకు తెలియనిదా! చెక్ లైటు వెలిగింది. లైటు తీసేసి, ఇంజను ఆపి మళ్లీ స్టార్టు చేస్తే అంతా సద్దుమణిగింది. మళ్లీ వేస్తే మళ్లీ అదే. గుమాస్తా తనకు తెలియకుండానే చేతులు జోడించాడు.

ఎలక్ట్రీషియన్ స్టీరింగు కింద మూత విప్పి చూపించాడు. పందిరి బల్బులతను లైటుకు కరెంటు సరైన చోటు నుంచే తీశాడు. ఎర్త్ వైరును మాత్రం చేతికందిన దానికి చుట్టిపోయాడు. అది సెన్సార్ల నుంచి కంప్యూటర్‌కు తిరిగిపోయే వైరు.

"కరెంటు వచ్చే దారి అందరూ చూస్తారండీ, తిరిగిపోయే దారి ఎవరూ చూడరు. రెండు చేల నీళ్లు ఒకే మురుగు కాలవలో కలిస్తే ఎవరివెన్నో ఎలా తెలుస్తాయి? ప్రెషర్ ఎక్కువైందనుకొని పాపం మీ కంప్యూటర్ డీజిల్ తగ్గించేస్తంది. దాని తప్పేం లేదు, మీ తప్పూ లేదు" అన్నాడు.

మీ తప్పూ లేదు. ఆ మాట కోసం నేను ఎన్ని రోజులు ఎదురుచూశానో ఆయనకు తెలియదు. స్టీరింగు మీద తల పెట్టుకొని ఏడ్చాను. సిగ్గేం పడలేదు.

పటానికి విడిగా వైరు లాగి, నేరుగా బ్యాటరీ నుంచి ఇచ్చి, దానికంటూ ఒక ఫ్యూజు పెట్టాడు. చక్రం తిరుగుతుంటే ఎంత తొక్కినా అంకె చెక్కుచెదరలేదు. తిరుగుదారిలో సేటును ఏమేం అనాలో మాటలన్నీ పేర్చుకున్నాను. చిలుకూరు దాటాక పెద్దమ్మ గుర్తొచ్చింది. తోడుగా ఉంటుందని ఆమె ఇచ్చిన దీపమే నన్ను ఇంత దూరం తెచ్చిందని తెలిస్తే, ఆ ముసలి ప్రాణం తట్టుకుంటుందా? పేర్చుకున్న మాటలు ఒక్కొక్కటే జారిపోయాయి.

సేటు కాటా దగ్గర ఉన్నాడు. నన్ను నోరు తెరవనీయకుండా గుమాస్తాయే అంతా చెప్పాడు, రైతు నీళ్ల క్యానుతో సహా.

"అమ్మ ఇచ్చిన పటమేనా?" అని అడిగాడు సేటు.

"ఔ."

మిల్లు పక్కనే ఉన్న తన ఇంటి వైపు చూశాడు. "అమ్మకు చెప్పకు."

"నేనెందుకు చెప్త సేటూ."

చెప్పులు విడిచి క్యాబిన్ ఎక్కాడు. నన్ను ఇంజను స్టార్టు చేయమని, తన చేత్తో అమ్మవారి లైటు వేసి, చక్రం తిరుగుతున్నంతసేపూ ఇంజను చప్పుడు వింటూ కూర్చున్నాడు. దిగాక ఏదో అనబోయి ఆగిపోయాడు. అనని మాటను వెనక్కి తీసుకోవడం ఎట్లాగో ఆయనకూ తెలియలేదు. గుమాస్తా దగ్గర చెవి తీసుకొని, ట్యాంకు దగ్గరికి పోయి, తాళం ఊడదీశాడు.

"తాళం ఉండనీ సేటూ" అన్నాను. "రోడ్డు మీద దొంగలుంటరు. చెవి నాకియ్యి."

ఆయన తాళం మళ్లీ వేసి, చెవి తెచ్చి నా చేతిలో పెట్టాడు. అప్పుడు చూశాడు నా మొహంలోకి.