ఫొటో కోసం పట్టుకున్న తాడు

నేను ఖమ్మంలో సైకిళ్ల షాపులో పనిచేస్తాను. కిందటేడాది షాపువాళ్లమంతా అనకాపల్లి వైపు వెళ్లి, సముద్రం ఒడ్డు పార్కులో సైకిళ్లు తొక్కాం. ఒక పక్క సరుగుడు చెట్లు, ఇంకో పక్క అలలు. దారంతా ఆగి ఆగి ఫొటోలు దిగాను!

ఒక మలుపు దగ్గర పదిమంది ఇసుకలో నిలబడి వల లాగుతున్నారు. సైకిల్ దిగి పరిగెత్తాను. నేనూ తాడు పట్టుకుని నాలుగు ఫొటోలు దిగాను. వల ఒడ్డుకొచ్చింది కానీ చేపలు పెద్దగా పడలేదు. ఒక పెద్దావిడ వాటినే చిన్న చిన్న కుప్పలు పోసి, ఒకటి నా ముందుకు జరిపింది.

"ఇది నీదమ్మా, తీసుకో."

"అయ్యో, నాకెందుకు పెద్దమ్మా? పడ్డయే కొన్ని!"

"తాడట్టుకున్నావా, నేదా?"

"ఫొటో కోసం పట్టుకున్న. లాగనే లేదు."

అందరూ ఘొల్లుమని నవ్వారు.

"ఓలమ్మా, లాగినావో నేదో మాకెందుకు? తాడట్టుకున్నోల్లకి వాటా ఎయ్యాల. నీ వాటా మేం తినేసి, రేపొద్దున్న వలెలాగ ఏత్తాం?" అందావిడ.

నాకు సిగ్గేసింది. వాళ్ల కూరలో చేపలు తగ్గించి నాకు పెడుతున్నారు. ఇంకో వల లాగాలని తెలిసి, మావాళ్లను ముందుకెళ్లమన్నాను. ఫోన్ దాచమని పెద్దావిడ చేతికిచ్చి, ఆ కుప్పకు సరిపడా కష్టపడాలని ఈసారి నిజంగానే లాగాను. వల ఒడ్డుకొచ్చేసరికి అరచేతులు మండిపోయాయి.

పెద్దావిడ ఫోన్ తిరిగిచ్చి, నా మొదటి కుప్ప పక్కనే ఇంకో కుప్ప పోసింది.

"ఇది రెండో వలది."