లీవ్ లెటర్‌తో పాఠం చెప్పినాను

మొన్న నా నిర్వాకం వినండి! లీవ్ అడిగిన పిల్లకి లీవ్ ఇవ్వకుండా, ఆ లెటర్ ఎంత బాగుందో పీరియడంతా చెప్పిన తెలుగు టీచర్ని నేనే.

వడమాలపేట దగ్గర హైస్కూల్లో పదో తరగతికి లెటర్ రాయడం చెప్తా ఉండాను. ఎన్నితూర్లు చెప్పినా పిల్లలు ‘నేనిక్కడ క్షేమం’ దాటి రారు. అంతకు ముందే టీచర్ల ట్రైనింగులో ఒక మాట చెప్పినారు. గైడులోది వద్దు, పిల్లలు రాసిందే తీసుకోండి, ఏది ఎందుకు బాగుందో పక్కన రాసి వాళ్లకే చూపించండి అని. సరే, మంచిది యాడ దొరుకుతుందబ్బా అనుకుంటా ఉంటే, ఒకరోజు పొద్దున హాజరప్పుడు ఆ క్లాసు పిల్ల భారతి నా టేబుల్ మీద ఒక కాగితం పెట్టి పోయింది.

‘మేడమ్ గారికి నమస్కారం. నా ఆధార్‌లో వేలిముద్రలు మార్చాలి. పన్నెండుకి పుత్తూరులో టోకెన్ ఉంది. మా నాయన కూలికి పోకుండా బస్టాపులో నిలబడి ఉంటాడు. నన్ను పదకొండు గంటల బస్సుకి పంపించండి.’

నాకు ప్రాణం లేచొచ్చింది! వెంటనే జిరాక్స్ తీసి ఎర్రపెన్ను పట్టుకున్నాను. ‘కారణం మొదట్లోనే చెప్పింది.’ ‘టైము స్పష్టం.’ నాయన మాట కిందైతే రెండు గీతలు గీసినాను. మూడో పీరియడ్‌లో, పేరు దాచిపెట్టి, స్క్రీన్ మీద చూపించినాను.

“ఇది చదివితే ఎవరైనా ఏం చేస్తారు?”

“పంపించేస్తారు మేడమ్!” క్లాసంతా అరిచింది.

“అదీ, లెటరంటే!” అని మురిసిపోయినాను.

భారతి రెండుసార్లు చెయ్యెత్తింది. తనదేనని చెప్పుకోవాలని ఉబలాటం కాబోలు అనుకొని, “కూర్చోమ్మా, పేరు చెప్పకూడదు” అన్నాను. మూడోసారి చూస్తే పాప కళ్లలో నీళ్లు.

“మేడమ్... బస్సు పోయింది.”

క్లాసు పక్క టీచరుకి అప్పజెప్పి, పిల్ల చెయ్యి పట్టుకొని బస్టాపుకి పరుగు. వాళ్ల నాయన ఎండలో నిలబడి ఉన్నాడు.

“ఏం పాపా, మేడమ్ పంపలేదా?”

“లేదు నాయనా. నా లెటర్‌తోనే పాఠం చెప్తా ఉన్నారు.”

తిడతాడనుకున్నాను. “నీ లెటరా? క్లాసు మొత్తానికా?” అని ఆయన మొహం వెలిగిపోయింది. తిట్టినా బాగుండేది, అంత సిగ్గేసింది నాకు. ఆటో మాట్లాడి ఇద్దర్నీ ఎక్కించినాను.

మర్నాడు రాగానే అడిగినాను, “పనైందా భారతీ?”

“అయింది మేడమ్. ఆధార్ సెంటర్లో టోకెన్ టైము దాటిపోయిందన్నారు. ఇంకో లెటర్ రాసిచ్చినా. అక్కడి సారు చదివి నవ్వి, లోపలికి పిలిచినాడు. ఈ లెటర్ మీకే ఇమ్మన్నాడు.”

ఈసారి నిలబడి, ఒక్కో అక్షరం చదివినాను.

‘అయ్యా, ఆలస్యం మా నాయనది కాదు, నాది కాదు. నా లీవ్ లెటర్ బాగుందని మా తెలుగు మేడమ్ చెప్తా ఉండగానే బస్సు పోయింది. మేడమ్ మంచామె. దయచేసి మమ్మల్ని పిలవండి.’

“దీన్ని గూడా క్లాసులో చూపిస్తారా మేడమ్?” ఆశగా అడిగింది.

“ఇది ఆ లెటర్ కన్నా బాగుందమ్మా,” అన్నాను. “అందుకే బీరువాలో పెట్టి తాళం వేస్తా ఉండాను!”