కొమ్ము అందని దూరం

పోయిన ఆదివారం పొద్దున పాలకు వెళ్తే బర్రెల కొట్టం గేటు మూసి ఉంది. కార్వాన్‌లో మా గల్లీ ఎప్పుడూ చూడని సంగతి అది. పెద్దబాపు నిద్రలోనే పోయాడని ఆయన కోడలు చెప్పింది. ఆయన మాకు చుట్టం కాదు, పక్కింటి పాలాయన. కానీ మా అమ్మ నాలుగడుగులు వేస్తున్నదంటే ఆయన చలవే.

కరోనా లాక్‌డౌన్‌కు నెల ముందే అమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది. రోజూ నడవకపోతే కాలు బిగుసుకుపోతుందని డాక్టర్ గట్టిగా చెప్పాడు. మాది ఒక్క గది ఇల్లు. రోడ్డెక్కితే లాఠీ. అమ్మ మంచం పట్టింది. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను, సిగ్గు విడిచి ఒప్పుకుంటున్నాను.

పెద్దబాపు ఊరుకోలేదు. బర్రెలన్నిటినీ ఒక పక్కకు కట్టేసి, కొట్టం వాకిలి కడిగి, అమ్మా, గల్లీలోని ముసలోళ్లూ నడిచేందుకు సున్నంతో గుండ్రంగా బాట గీశాడు. బాట పొడుగునా గుంజలు పాతాడు. ఒక్కో గుంజ దగ్గర ఒక్కరే ఉండాలి, అందరూ ఒకే దిక్కుకు నడవాలి. ఈ కొలత ఎక్కడిదని అడిగాను.

"రెండు బర్రెలు పొడుచుకోకుండ ఎంత దూరంల గుంజ కొడ్తం? మనిషికి గూడ గంతే. కొమ్ము అందొద్దు, మాట అందాలె" అన్నాడు.

ఒక్క తప్పు చేశాడు. ముసలోళ్లు అలసిపోతారని నీడలో నులకమంచం వేశాడు. ఇంకేముంది, మూడో రోజుకు నడిచేవాళ్లు లేరు. అందరూ మంచం మీదే, మాస్కులు గదవల కింద, ఒకటే ముచ్చట్లు.

"నడువుమంటే దర్బార్ పెట్టిన్రేంది?" అని మస్తు లొల్లి చేసి మంచం ఇంట్లోకి మోసుకుపోయాడు. దాని బదులు గుంజలకు తాడు కట్టాడు, పట్టుకుని నడవమని.

తాడు పట్టుకున్న మొదటి రోజు అమ్మ రెండు గుంజలు దాటి ఏడ్చేసింది. "నాతోని కాదన్నా."

"ఫికర్ జెయ్యకు చెల్లె. దూడ గూడ పడుకుంట లేసుకుంటనే నడుస్తది."

వానలు మొదలయ్యే నాటికి అమ్మ తాడు వదిలేసి బాటంతా చుట్టి వచ్చింది. పెద్దబాపు పాల క్యాను మీద చెంబుతో దరువేశాడు. డాబాల మీద జనం ఈలలు, చప్పట్లు. అంత సంతోషం నేను పెళ్లిళ్లలో కూడా చూడలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఆయన్ని తీన్‌మార్ డప్పుల మోతలతో సాగనంపాం. అమ్మ కోసం ఆటో పిలిచాను. ఆమె నన్ను ఉరిమి చూసింది.

"ఆయన ఎనక ఆటోల పోవాల్నారా నేను?"

కొంగు నడుముకు చెక్కింది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, పాడె వెనకే, మూసీ ఒడ్డు దాకా నడిచింది.