కెమెరా ముట్టుకోని రోజు

ఈ మధ్య ఒక శనివారం, అమ్మాయికి సముద్రం చూపిద్దామని మేముండే బాతెల్ నుంచి పడమటికి బయల్దేరాం. తీరం దగ్గరపడుతుండగా రోడ్డు పక్కన నీలం బోర్డు ఒకటి కనిపించింది. పెద్ద అల, దాని ముందు గుట్టెక్కుతూ పరుగెత్తే మనిషి బొమ్మ. "అమ్మా, ఆ మ్యాన్ ఎందుకు రన్ చేస్తుంది?" అని వెనక సీట్లోంచి మా అమ్మాయి అడిగింది. సునామీ వస్తే ఎటు పోవాలో చెప్పే బోర్డని మా ఆయన చెప్పారు. ఆ రోజంతా వాళ్లిద్దరూ ఇసుకలో ఆడుకుంటుంటే, నేను నీళ్లకు వీపు తిప్పలేకపోయాను.

రెండువేల పదిలో, నా పెళ్లికి ముందు, మేం ముగ్గురం జపాన్ వెళ్లాం. నేను, ఎమ్మెస్‌లో నా రూమ్మేట్ అయిన వరంగల్ పిల్ల, మా ఇద్దరికంటే పెద్దదైన గుంటూరు అక్క. అక్క మాకు చుట్టం కాదు. ఈ దేశానికి కొత్తగా వచ్చినప్పుడు అన్నం పెట్టి, కారు నేర్పి, తిట్టి అక్క అయింది. ప్రయాణం ప్లానంతా ఆవిడదే. గుళ్లు, కోటలు, తోటలు, రైళ్లు అంటూ మమ్మల్ని పటాలాన్ని నడిపించినట్టు నడిపించింది. ఎక్కడికి వెళ్లినా ఆవిడ సంచిలో వాళ్లమ్మ పెట్టిన ఆవకాయ సీసా, నూనె కారకుండా మూడు కవర్లు చుట్టుకుని, మాతో పాటే తిరిగింది. చివరికి, ఆవిడ ఆఫీసులో పనిచేసే జపాన్ పెద్దాయన చెప్పగా, ఆయన సొంత ఊరి పక్కనే ఈశాన్య తీరంలో ఉన్న ఒక చేపల రేవుకి చేరాం. ఇంటి పై గదులు ప్రయాణికులకు అద్దెకిచ్చే ముసలి దంపతుల దగ్గర దిగాం. మర్నాడు పొద్దున్నే మళ్లీ రైలెక్కాలి.

తెల్లారింది గానీ వరంగల్ పిల్ల పరుపు మీంచి లేవలేదు.

"నాతోని కాదక్కా. కాళ్లు పోయినయ్. ఇయ్యాల ఏడికీ వచ్చేది లేదు."

"సీట్లు బుక్ చేశాను కదే!"

"క్యాన్సిల్ చెయ్యి. కెమెరా కూడా బంద్. ఫొటోల కోసం ముస్తాబైతే గది రెస్ట్ ఎట్లయితది?"

అక్క కాసేపు గొణిగి, తనూ దుప్పటి కప్పుకుంది. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది.

ఆ రోజు ఏం చేశారంటే చెప్పడానికి ఏమీ లేదు. చినుకులు పడి ఆగాయి. కింద ముసలాయన పెరట్లో తీగ మీద చేపలు ఆరేసుకుంటున్నాడు. ఆ వాసనకి మొదట కిటికీ మూసేశాం, మధ్యాహ్నానికి అలవాటైపోయింది. మేం పెద్దమ్మ అని పేరు పెట్టుకున్న ఆయన భార్య పొగలు కక్కే నీళ్ల తొట్టి చూపించి, వేళ్లు ముడుచుకుపోయేదాకా మమ్మల్ని అందులోంచి లేవనివ్వలేదు. ఆవిడకి ఇంగ్లీషు రాదు, మాకు జపనీస్ రాదు. అయినా అక్క ఆవిడతో గుంటూరు తెలుగే మాట్లాడింది, ఆవిడా వాళ్ల భాషలోనే జవాబు చెప్పింది. ఇద్దరూ చాలాసేపు కబుర్లు చెప్పుకున్నారు.

భోజనాల దగ్గర ఆవకాయ సీసా తీశాం. పెద్దమ్మ చిటికెడు నాలిక్కి రాసుకుంది. కళ్లవెంట నీళ్లు, నోటి మీద చెయ్యి, భుజాలు కదిలిపోయేంత నవ్వు. నవ్వుతూనే అన్నం తినే పుల్లలతో మళ్లీ సీసాలోంచి ముక్క తీసింది. "ఇది మా అమ్మ నమ్మదే" అంటూ అక్క ఒట్టు తప్పి కెమెరా తెచ్చి సీసాని ఒక్క ఫొటో తీసింది. వరంగల్ పిల్ల వెంటనే కెమెరా లాగేసుకుంది.

తిన్నాక ముగ్గురం చాపల మీద పడి నిద్రపోయాం. కిటికీ అవతల సముద్రం మెత్తగా, పక్కింట్లో ఎవరో పప్పు చెరుగుతున్నట్టు వినిపిస్తోంది. సగం నిద్రలో, మేజోళ్ల పాదాలు చాప మీద నడిచిన చప్పుడు. ఎవరో నా దుప్పటి మెడదాకా లాగి, అంచు మెల్లగా నొక్కి వెళ్లారు. కళ్లు తెరవబుద్ధి కాలేదు.

మరుసటి మార్చిలో ఆ సముద్రమే ఊళ్ల మీదికొచ్చింది. నేను అపార్ట్‌మెంట్లో టీవీ ముందు నిలబడి, పడవలు ఇళ్ల మధ్య తేలిపోవడం చూశాను. వరంగల్ పిల్ల ఫోన్ చేసింది. "గది మన ఊరేనా?" అని మాత్రం అడిగింది. తర్వాత ఇద్దరం ఫోన్ పెట్టేయకుండా, ఎవరి టీవీ వాళ్లం చూస్తూ ఉండిపోయాం. అక్క ఆ ఇంటి నంబరుకి రోజూ చేసేది. అసలు రింగే అయ్యేది కాదు.

ఎండాకాలంలో ఆఫీసు పెద్దాయన తన ఊరు చూసుకోవడానికి వెళ్లి, అక్కడి నుంచి అక్కకి ఫోన్ చేశాడు. ఇల్లు లేదు. నీళ్ల తొట్టి పలకలు మాత్రం నేలకి అంటుకుని ఉన్నాయి. ముసలాయన ఆ వేళకి కొండ మీద పుట్టగొడుగుల తోటలో ఉండి బతికాడు. పెద్దమ్మ దొరకలేదు. ముసలాయన మమ్మల్ని గుర్తుపట్టి, ఎర్రటి పచ్చడి తెచ్చిన పిల్లలు కదా అన్నాడట. ఆవిడ ఫొటో ఏదైనా మా దగ్గర ఉందేమో అడగమన్నాడట. ఇంటితో పాటు ఆయన దగ్గరున్నవన్నీ కొట్టుకుపోయాయి.

ఆ వారాంతం ముగ్గురం అక్క ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చున్నాం. వందల ఫొటోలు. ప్రతి గుడి ముందూ మేమే, ప్రతి వంతెన మీదా మేమే. ఆ రోజుది మాత్రం ఒక్కటే. బల్ల మీద ఆవకాయ సీసా, దాని పక్కన ఫొటో అంచులో మణికట్టు దాకా ఒక చెయ్యి. ముఖం లేదు. వరంగల్ పిల్ల ఏడుస్తూ, "నేనే వద్దన్న గదా అక్కా" అంది. "నువ్వు వద్దనకపోతే మనం రైలెక్కేవాళ్లం. ఆవిడ నవ్వు చూసేవాళ్లమే కాదు" అని అక్క దాని తల నిమిరింది.

ఆఫీసు పెద్దాయన ద్వారా అలాగే పంపాం. ముసలాయన ఆ చేతిని చాలాసేపు చూశాడట. బొటనవేలి మీద పాత కాలిన మచ్చని తడిమి, "తనదే" అన్నాడట. తాత్కాలికంగా ఇచ్చిన రేకుల గదిలో, చనిపోయినవాళ్ల ముఖం పెట్టుకునే చోట ఆ చెయ్యి పెట్టుకున్నాడట.

ఇక్కడ వానపడే ఆదివారాలు నేను కునుకు తీస్తే, ఇప్పటికీ దుప్పటి మెడదాకా వస్తుంది. మా ఆయన అనుకుందామంటే ఆయన గ్యారేజీలో ఉంటారు. నేను కళ్లు తెరవను. ఆ తర్వాతి ఏళ్లన్నీ ఎలాగో గడిచిపోయాయి గానీ, ఆ ఊళ్లో గడిపిన ఒక్క రోజు మాత్రం ఇంకా గడవలేదు.