బోర్డు చదివేసిన రామ్‌చందర్ సేటు

మాదన్నపేటలో మిర్చి, పసుపు అమ్మే రామ్‌చందర్ సేటుకు నీటికాసుల జబ్బు చేసి చూపు పోయింది. ఆ సంగతి ఇంట్లోవాళ్లకు తప్ప బజారుకు తెలియదు. తెలిస్తే తూకంలో మోసం చేస్తారని భయం. గొంతును బట్టి మనిషిని, వాసనను బట్టి సరుకును పోల్చుకుంటూ గల్లా దగ్గర దర్జాగా కూర్చునేవాడు.

మరి పుస్తకం? బేరం లేని వేళ నవల చదవనిదే ఆయనకు పొద్దు గడిచేది కాదు. భార్య కమలను చదవమంటే రెండో పేజీకే ఆమెకు కునుకు. పాపం, సేటు దుకాణమంతా కాలుగాలిన పిల్లిలా తిరిగేవాడు.

ఫోనులోనే పుస్తకాలు వినిపించే లైబ్రరీ ఒకటుందని కోడలు స్రవ్య కనిపెట్టింది. అయితే అచ్చు చదవలేరని కంటి డాక్టరు రాసిస్తేనే చేర్చుకుంటారట. కమల ఆయన్ను దవాఖానకు లాక్కుపోయింది.

లైనులో ఉండగానే "సలాం సేటూ!" అని దుకాణానికి వచ్చే పాత గిరాకీ బాలకిషన్ గొంతు వినబడింది. ఇతనికి తెలిస్తే బజారంతా తెలిసినట్టే. ముందున్న ఆమె బోర్డు మీది అక్షరాలు గట్టిగా చదువుతోంది. తన వంతు రాగానే ఆయన అవే అక్షరాలను పైనుంచి కిందిదాకా గడగడా అప్పజెప్పేశాడు.

పరీక్ష చేసే అమ్మాయి తెల్లబోయింది. "అంకుల్, మీకు చూపు మస్తుగున్నది. డాక్టర్ సార్ ఏమని రాసియ్యాలె?"

"మా సేటువి డేగ కండ్లమ్మా!" వెనకనుంచి బాలకిషన్ వంత పాడాడు.

కమల భర్త చెవిలో గుసగుసగా విరుచుకుపడింది. "ఏందయ్యా నీ యేషాలు? బజార్ల షాన్ గావాల్నా, బుక్కులు గావాల్నా? ఒక్కటి చెప్పు!"

రామ్‌చందర్ లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. కండువా మెలిపెట్టాడు.

"బిడ్డా, ముందటామె సదువుతుంటే ఇని చెప్పిన. బోర్డు ఏ దిక్కున్నదో గూడ నాకు తెల్వది."

అమ్మాయి దగ్గరికొచ్చింది. "వేళ్లెన్ని, అంకుల్?"

"చెయ్యి లేపినవా?"

మిగతా పరీక్షలన్నీ చేసి డాక్టరు కాయితం రాసి సంతకం పెట్టాడు. బయటికొస్తూ, నలుగురిలో మొదటిసారి, సేటు కమల భుజం పట్టుకున్నాడు.

"బాలకిషన్ ఏం జేస్తున్నడే?"

"ఎవలికో ఫోన్ కొడుతున్నడు."

"కొట్టనీ," అన్నాడు గానీ చెవి మాత్రం అటే ఉంచాడు. "నువ్వు స్రవ్యకు కొట్టు. కాయితం దొరికిందని చెప్పు. జల్ది!"